కోడి జబ్బుకు చేప మందా?

2025 ఫిబ్రవరి రెండో వారంలో తణుకు దగ్గర నుంచి మా మావయ్య ఫోన్ చేశాడు. వేల్పూరు, కానూరు అగ్రహారం కోళ్ల శాంపిళ్లు భోపాల్ ల్యాబులో బర్డ్ ఫ్లూ పాజిటివ్ వచ్చాయని అప్పటికే టీవీలో స్క్రోలింగ్ పోతోంది. మావయ్యకు గుడ్ల కోళ్లవి, అంటే లేయర్లవి, రెండు షెడ్లు ఉన్నాయి. ఆయన ఫారం, జబ్బు పడ్డ చోటు చుట్టూ గీసే కిలోమీటరు గీతకు బయట, పది కిలోమీటర్ల గీతకు లోపల పడింది. అంటే కోళ్లను చంపరు, గుడ్లను కదలనివ్వరు. మేత ఖర్చు మాత్రం ఆగదు.

"ఏరా, నువ్వు టీకాల కంపెనీలోనే కదా చేసేది. కొక్కెర తెగులుకు టీకా వేస్తాం, గంబోరోకి వేస్తాం, మశూచికి రెక్కలో గుచ్చుతాం. దీనికెందుకు లేదురా?"

లేక కాదు, మన దేశంలో కోళ్లకు వేయనివ్వరు అని చెప్పాను. ఆ సంగతి తర్వాత చెప్తాను. మాటల్లో మాటగా, ఫ్లూ టీకా ఎక్కువగా కోడిగుడ్లలోనే తయారవుతుందని కూడా అన్నాను. అవతల రెండు క్షణాలు చప్పుడు లేదు.

"అంటే కోడికి రోగమొస్తే దాని మందు కోడిగుడ్డులోంచే తియ్యాలా? మరి కోళ్లే లేకపోతేనో?"

మైక్రోబయాలజీ చదివి, ఇన్నేళ్లు ఇదే పనిలో ఉండి, నేను ఆ ప్రశ్నను అంత సూటిగా ఎప్పుడూ వేసుకోలేదు. చేప కణాల్లో బర్డ్ ఫ్లూ టీకా తయారు చేయొచ్చా అన్న ఆలోచన మీద నాకు ఆసక్తి పుట్టింది ఆ ఫోన్ తర్వాతే. చేప మందు అనగానే మనవాళ్లకు మృగశిర కార్తె, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్, గొంతులోకి జారే కొర్రమీను పిల్ల గుర్తొస్తాయి. మా గ్రూపులో ఈ మాట ఎత్తగానే పది మంది నవ్వే బొమ్మలు పెట్టారు. వాళ్ల కోసమే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు గుడ్డు సంగతి. నా మొదటి ఉద్యోగం గుడ్ల గదిలో. చీకటి గది, బల్ల మీద ఒక దీపం. పది రోజుల గుడ్డును మొద్దు వైపు దీపానికి ఆనిస్తే పెంకు లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా పరుచుకుని కనిపిస్తాయి. మధ్యలో నల్లటి చుక్క కదులుతుంది. కదిలితే ట్రేలోకి, కదలకపోతే బకెట్లోకి. గాలి గది అంచున పెన్సిల్‌తో గీత గీసి, చిన్న చిల్లు పొడిచి, సూదితో చుక్కంత వైరస్ ఎక్కించి చిల్లు మూసేస్తాం. రెండు మూడు రోజులు ఇంక్యుబేటర్లో ఉంచి, తర్వాత ఒక రాత్రి చలిగదిలో పెడతాం. చలికి పిండం చచ్చి, రక్తనాళాలు ముడుచుకుపోతాయి, ద్రవంలో నెత్తురు కలవదు. పొద్దున్నే పైపెంకు కత్తిరించి, లోపలి పల్చటి ద్రవం పీల్చుకుంటాం. గుడ్డుకు ఐదు నుంచి పది మిల్లీలీటర్లు వస్తుంది, అందులోనే కోట్ల కొద్దీ వైరస్. ఆ నీచు వాసన తలస్నానం చేసినా పోయేది కాదు. రెండేళ్లు ఇంట్లో ఆమ్లెట్ ముట్టలేదు నేను.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. కోడి పిండంలో వైరస్‌ను పెంచొచ్చని అమెరికాలో గుడ్‌పాశ్చర్, వుడ్రఫ్ 1931లో చూపించారు. గుడ్డులో చేసిన ఫ్లూ టీకాకు అమెరికాలో 1945లో లైసెన్సు వచ్చింది. ఎనభై ఏళ్లయింది, ప్రపంచంలో ఇప్పటికీ ఎక్కువ ఫ్లూ టీకా గుడ్డులోంచే వస్తోంది. ఒక రకం వైరస్‌కు ఒక డోసు కావాలంటే సుమారుగా ఒక గుడ్డు కావాలి. అమెరికా ప్రభుత్వం మహమ్మారి వస్తుందేమోనన్న భయంతో ఏడాది పొడుగునా గుడ్లు అందేలా ముందే కాంట్రాక్టులు రాసుకుని, కోళ్ల మందలను ప్రత్యేకంగా కాపాడుకుంటోంది. ఫ్లూకు భయపడి కోళ్లకు సెక్యూరిటీ పెట్టారన్నమాట.

బర్డ్ ఫ్లూ దగ్గరికి వచ్చేసరికి గుడ్డుకు ఇంకో చిక్కు. 1997లో హాంకాంగ్‌లో హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ తొలిసారి మనుషులకు అంటుకుని 18 మందికి సోకింది, ఆరుగురు చనిపోయారు. నగరంలో ఉన్న పది లక్షలకు పైగా కోళ్లను చంపేశారు. ఆ వైరస్‌ను గుడ్డులో పెంచబోతే పిండాన్నే ముందు చంపేసింది. టీకాకు సరిపడా ద్రవం రాకముందే గుడ్డు చచ్చిపోతే ఏం లాభం? తర్వాత దీనికి మార్గం దొరికింది. వైరస్ పైన ముళ్లలా ఉండే హెచ్ ప్రొటీన్‌లో దాని విషమంతా ఉన్న చిన్న ముక్కను కత్తిరించేస్తారు. వైరస్ పై ప్రొటీన్ల రెండు జన్యువులను మాత్రం బర్డ్ ఫ్లూ నుంచి తీసుకుని, మిగతా ఆరింటిని 1934లో ప్యూర్టోరికోలో మనిషిలో దొరికిన పాత ల్యాబ్ రకం నుంచి పెడతారు. టీకాకు విత్తనంగా వాడే ఈ సాధు వైరస్ గుడ్డులో బుద్ధిగా పెరుగుతుంది. కాబట్టి 'హెచ్5ఎన్1 గుడ్లను చంపుతుంది, అందుకే చేప కావాలి' అని ఎవరైనా వాదిస్తే అది పాత లెక్క.

మావయ్య ప్రశ్న మాత్రం అలాగే ఉంది. కోళ్లే లేకపోతే? 2025 మొదట్లో అమెరికాలో కోట్ల లేయర్ కోళ్లు పోయి, డజను గుడ్ల సగటు ధర ఆరు డాలర్లు దాటింది. డాలస్‌లో ఉన్న మా చెల్లెలు కాస్ట్‌కోలో గుడ్ల కోసం క్యూ కట్టిన ఫొటో పంపింది. టీకా గుడ్లు ఇచ్చే మందలు వేరు, వాటికి కాపలా ఎక్కువ. కానీ గాల్లో ఎగిరే బాతుకు ఆ తేడా తెలియదు. మన దగ్గరైతే దేశంలో పుట్టే అయిదారు గుడ్లలో ఒకటి ఆంధ్రప్రదేశ్‌ది. జబ్బు కేంద్రం, ముడిసరుకు కేంద్రం ఒక్క చోటే ఉండటం ఏ లెక్కన చూసినా మంచిది కాదు.

గుడ్డు చేసే ఇంకో మాయ గురించి బయట పెద్దగా మాట్లాడుకోరు. మనిషి ముక్కులో పెరిగే వైరస్‌ను కోడి గుడ్డులో పెంచితే, కోడి కణానికి అతుక్కోవడానికి వీలుగా అది తన పై ప్రొటీన్‌ను కాస్త మార్చుకుంటుంది. 2016-17 సీజన్లో హెచ్3ఎన్2 అనే మనిషి ఫ్లూ రకానికి వేసిన టీకా సరిగ్గా పని చేయకపోవడానికి ఇలాంటి మార్పు ఒక కారణమని తర్వాత తేల్చారు. అచ్చు తీసినప్పుడు బొమ్మ ముక్కు వంకర పోయింది, మన ఒంటికి ఆ వంకర ముక్కునే పరిచయం చేశాం.

అందుకే గుడ్డు మానేసి విడి కణాలను ట్యాంకుల్లో పెంచే దారి వచ్చింది. ఆ కణాలు ఎక్కడివో వింటే చేప అనగానే నవ్వినవాళ్లు కాస్త ఆగుతారు. 1958లో మ్యాడిన్, డార్బీ అనే ఇద్దరు ఒక కాకర్ స్పానియల్ కుక్క మూత్రపిండం నుంచి తీసిన కణాలు ఇప్పటికీ బతికే ఉన్నాయి. వాటిలో చేసిన ఫ్లూ టీకాకు అమెరికా 2012లో అనుమతి ఇచ్చింది, 2020లో అదే కుక్క కణాల్లో చేసిన హెచ్5ఎన్1 టీకాకూ ఇచ్చింది. 1962లో జపాన్‌లో ఆఫ్రికా పచ్చకోతి మూత్రపిండం నుంచి తీసిన వీరో కణాల్లోనే మన కోవాక్సిన్ వైరస్ పెరిగింది. మన గేదెలకు గాలికుంటు రాకుండా వేసే టీకా చిట్టెలుకలాంటి హ్యామ్‌స్టర్ మూత్రపిండం కణాల్లో పుడుతుంది, హైదరాబాద్‌లోనే తయారవుతుంది. ఇక 2013లో అమెరికాలో అనుమతి పొందిన ఇంకో ఫ్లూ టీకాకు మూలం ఒక పురుగు. ఏ పురుగో తెలుసా? కత్తెర పురుగు. 2018 నుంచి మన మొక్కజొన్న చేలను తినేస్తున్న అదే పురుగు. మావయ్య కోళ్ల మేత రేటు పెంచిన పురుగు, అమెరికాలో మనుషుల ప్రాణం కాపాడే పనిలో ఉంది.

కుక్క, కోతి, ఎలుక, పురుగు అయ్యాక చేపకు మాత్రం అంత అవమానం దేనికి?

చేప కణాలను పెంచడం కూడా వీటి ఈడు పనే. 1962లో వోల్ఫ్, క్వింబీ రెయిన్‌బో ట్రౌట్ చేప నుంచి తొలి కణ పరంపరను, అంటే ఎన్నిసార్లు మార్చి పెంచినా ఆగకుండా పెరిగే కణాలను, నిలబెట్టారు. మన దేశంలో ఈ పని గురించి మాట్లాడాలంటే వేలూరు దగ్గర మేల్‌విశారంలోని అబ్దుల్ హకీమ్ కాలేజీలో సాహుల్ హమీద్ చేసిన పని చెప్పుకోవాలి. పండుగప్ప, బొచ్చె, శీలావతి, అంటే మనం భీమవరం, ఆకివీడు, కైకలూరు చెరువుల్లో పెంచే చేపలనుంచే ఆయన బృందం కణ పరంపరలు తీసింది. లక్నోలో చేపల జన్యు వనరుల సంస్థలో ఇలాంటి కణాలను భద్రపరిచే జాతీయ భాండాగారం కూడా ఉంది. ఇవన్నీ చేపల జబ్బులను పట్టుకోవడానికి మొదలైన పనులు.

నేనూ ఒకసారి ప్రయత్నించాను. పీజీ ప్రాజెక్టులో, బొచ్చె గుండె నుంచి కణాలు తీస్తానని గొప్పగా సినాప్సిస్ రాశాను. చెరువు నుంచి ఆక్సిజన్ కవర్లో పిల్లలు వచ్చాయి. పర్మాంగనేట్ నీళ్లలో ముంచి, ఐసులో మత్తెక్కించి, ఆల్కహాల్‌తో తుడిచి కోశాను. శనగగింజంత గుండె. రెండు బ్లేళ్లతో మిల్లీమీటరు ముక్కలు చేసి, ఫ్లాస్కు అడుగున అంటించి, సీరం కలిపిన ఎల్-15 అనే కణాల మేత ద్రవం పోసి 28 డిగ్రీల దగ్గర పెట్టాను. మూడో రోజుకు దూదిలా బూజు. రెండోసారి బూజు రాలేదు కానీ ఫ్లాస్కంతా మజ్జిగలా మబ్బు కమ్మింది. చెరువు చేప ఒంటి మీద ఉన్నన్ని జీవులు మా హాస్టల్ మెస్సులో కూడా ఉండవు. మూడోసారి ఒక ముక్క రెండు రోజులపాటు కొట్టుకుంటూనే ఉంది, చేప పోయినా గుండె ముక్కకు ఆ కబురు అందలేదు. ఆరో రోజు ముక్క అంచుల నుంచి సన్నగా, పొడుగ్గా కణాలు పాకుతూ బయటికి వచ్చాయి. మా సార్‌ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. నాలుగుసార్లు వేరే ఫ్లాస్కుల్లోకి మార్చాక అవి పెరగడం ఆపేశాయి. పరంపర కాలేదు, ప్రాజెక్టు మాత్రం పాసయింది.

ఆ పనిలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. కుక్క, కోతి కణాలకు మామూలుగా 37 డిగ్రీలు, కార్బన్ డయాక్సైడ్ పంపే ప్రత్యేక ఇంక్యుబేటర్ కావాలి. ఎల్-15లో పెరిగే చేప కణానికి గ్యాస్ అక్కర్లేదు, మూత బిగించిన ఫ్లాస్కు చాలు. 28 డిగ్రీలంటే ఖర్చు తక్కువ అనుకుంటారు గానీ, మే నెలలో ఏలూరులో 28 డిగ్రీలు కావాలంటే హీటరు కాదు, ఏసీ కొనాలి. అసలు ఖర్చు సీరంలో ఉంటుంది. దూడ పిండం సీరం సీసా ధర చూస్తే గుండె ముక్కకు బదులు మన గుండె కొట్టుకుంటుంది. సీరం లేకుండా పెరగడం నేర్పితే తప్ప చేప కణం చవక అని ఎవరూ అనకూడదు.

ఫ్లూ వైరస్ చేప కణంలో పెరుగుతుందా అన్న ప్రశ్నకు దాని బంధువు కొంత జవాబు చెబుతుంది. నార్వేలో 1984లో సాల్మన్ చేపలకు రక్తహీనత తెచ్చే ఒక వైరస్ బయటపడింది, 2007 నుంచి చిలీలో సాల్మన్ పరిశ్రమను కుదేలు చేసింది. అది ఫ్లూ కుటుంబానిదే. దాన్ని సాల్మన్ కణాల్లో 15 డిగ్రీల దగ్గర పెంచుతారు. అయితే పినతండ్రి కొడుకు ఈదుతాడు కాబట్టి మనవాడూ ఈదుతాడని నీళ్లలో తోసెయ్యలేం. కణం మీద ఆ వైరస్ పట్టుకునే చక్కెర కొక్కెం కూడా కాస్త వేరే రకం.

అసలు అడ్డంకి చలి. బర్డ్ ఫ్లూ వైరస్ బాతు పేగులో 40 డిగ్రీల వేడికి అలవాటు పడింది. మనిషి ముక్కులో 33 డిగ్రీలే దానికి చలి. ఇక 28 అంటే? దీనికి ఆశ కలిగించే సంగతి పాత కాగితాల్లోనే ఉంది. మిషిగన్‌లో హునైన్ మాసబ్ అనే ఆయన 1960 నాటి ఒక మనిషి ఫ్లూ వైరస్‌ను మెల్లమెల్లగా వేడి తగ్గిస్తూ 25 డిగ్రీల దగ్గర పెరిగేలా మలిచాడు. 2003లో అమెరికాలో వచ్చిన ముక్కు స్ప్రే టీకాకు ఆధారం అదే. అంటే ఫ్లూకు చలి అలవాటు చేయొచ్చు.

చేయొచ్చు కదా అని ఏ వైరస్‌కు పడితే దానికి చేయకూడదు. ఇక్కడ నేను కాస్త గట్టిగా చెప్పాలి. పక్షి వైరస్‌లో పీబీ2 అనే ప్రొటీన్‌లో 627వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే అది చల్లటి చోట బాగా పెరుగుతుంది. మనిషి ముక్కు కూడా చల్లటి చోటే. అడవి హెచ్5ఎన్1ను తీసుకొచ్చి చేప కణాల్లో పదే పదే పెంచి చలికి అలవాటు చేస్తే, మనిషి ఇంటికి దారి చూపించినట్టవుతుంది. అందుకే చేప కణంలోకి వెళ్లేది పైన చెప్పిన సాధు విత్తనమే కావాలి. దాని లోపలి ఆరు జన్యువులు ఎటూ మనిషి వైరస్‌వే కాబట్టి కొత్తగా నేర్చుకునే దుర్విద్య ఉండదు. పని జరిగేది కూడా గట్టి కట్టుదిట్టాలున్న ల్యాబులోనే. చేప కణం వాడితే బయో సేఫ్టీ ఖర్చు మిగులుతుందని ఎవరైనా అంటే వాళ్లతో నేను ఏకీభవించను.

చేప వైరస్‌లు మనిషికి అంటవు కదా, కాబట్టి చేప కణం శుభ్రం అనే మాటను కూడా సగమే నమ్ముతాను. చల్లటి నెత్తురు జీవి వైరస్ 37 డిగ్రీల ఒంట్లో బతకడం కష్టమే. కానీ కత్తెర పురుగు కణాల కథ చూడండి. టీకాకు అనుమతి వచ్చిన మరుసటి ఏడాది, 2014లో, ఆ రకం కణాల్లో అప్పటిదాకా ఎవరికీ తెలియని ఒక రాబ్డో వైరస్ కాపురం ఉంటోందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ శాస్త్రవేత్తలే కనిపెట్టారు. మనిషికి హాని కనపడలేదు గానీ, ఇన్నేళ్లూ ఇంట్లో ఉన్న అతిథి గురించి ఇంటివాళ్లకే తెలియదు. ఇంకా నవ్వొచ్చేది ఈపీసీ అనే చేప కణాల సంగతి. అవి కార్ప్ చేపవని దశాబ్దాలపాటు ప్రపంచమంతా పేపర్లు రాశాక, 2010లో జన్యువులు చూస్తే అవి ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే వేరే చేపవని తేలింది. మన బొచ్చె కణం నిజంగా బొచ్చెదేనా, దాని లోపల ఎవరెవరున్నారు అన్నది ముందు తేల్చాలి. టీకా మాట ఆ తర్వాతే.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం మా కంపెనీలో ఒక సీనియర్ మేడమ్ క్యాంటీన్లో టీ తాగుతూ అన్నారు. "వీరో కణాలు మన చేతిలో ఉన్నాయి. వాటిలో హెచ్5ఎన్1 టీకా చేసి 2009లోనే యూరప్‌లో అనుమతి తెచ్చుకున్నారు. వండిన అన్నం పెట్టుకుని వడ్లు ఏరడం దేనికయ్యా?" మనుషుల టీకా వరకు ఆమె మాటే సరైనది. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో హెచ్5ఎన్1తో చనిపోయింది. పచ్చి కోడి మాంసం ముక్క నోట్లో పెట్టుకున్నట్టు పేపర్లు రాశాయి. అలాంటి కేసులు నాలుగు ఒక్కసారిగా వస్తే చేప కణం ఎదిగేదాకా ఆగమని ఎవరికి చెప్పగలం? రేపు అవసరమైతే వీరో, కుక్క కణాలే గతి, వాటికి ఏర్పాట్లు ఇప్పుడే ఉండాలి.

కానీ కోళ్ల టీకా వేరే వ్యాపారం. కోడికి రూపాయి పెరిగినా రైతు లెక్క చూసుకుంటాడు. అక్కడ గుడ్డు కాకుండా, విదేశీ కిటుకు కొనక్కర్లేకుండా, మన చెరువు చేప నుంచి మనమే నిలబెట్టుకున్న కణం ఒకటుంటే బేరం ఆడటానికి బలం ఉంటుంది. ఐదేళ్లు, ఒకటి రెండు ల్యాబులు, మరీ పెద్ద డబ్బు కాదు. లీటరుకు ఎంత వైరస్ వస్తుందో కొలిచి, గుడ్డు ద్రవం పక్కన పెట్టి చూపించాలి. సరిపోకపోతే సరిపోలేదని పేపర్ రాసి మూసెయ్యాలి. మన దగ్గర రెండోది ఎవరూ చేయరు, అదే నా దిగులు.

ఇప్పుడు మొదట్లో పక్కన పెట్టిన సంగతి, మన దేశంలో కోళ్లకు ఈ టీకా ఎందుకు వేయనివ్వరన్నది. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో దేశంలో తొలిసారి బర్డ్ ఫ్లూ కనపడ్డప్పటి నుంచి మన పద్ధతి ఒకటే: వెతుకు, చంపు, పూడ్చు. తక్కువ తీవ్రత ఉన్న హెచ్9ఎన్2కు భోపాల్‌లోనే మన వైరస్‌తో టీకా చేశారు, దానికి అనుమతి ఉంది. హెచ్5ఎన్1కు లేదు. కారణం అర్థం లేనిది కాదు. టీకా వేసిన కోడి చావదు గానీ వైరస్‌ను దాచుకుని పంచుతూ ఉండొచ్చు. ఎగుమతులకూ దెబ్బ. ఫ్రాన్స్ 2023 అక్టోబరులో బాతులకు టీకా మొదలుపెట్టగానే అమెరికా అక్కడి కోళ్ల సరుకుపై ఆంక్షలు పెట్టింది. అయినా ఫ్రాన్స్ వెనక్కి తగ్గలేదు. వందల్లో వచ్చే కేసులు ఆ సీజన్లో పదికి దిగాయి. ఆ ఏడు యూరప్ అంతటా వైరస్ జోరు తగ్గిన మాట నిజమే, మొత్తం ఘనత టీకాది కాదు. ఆ బాతులకు వేసిన టీకాల్లో ఒకటి పురుగు కణాల్లో తయారైంది. చైనా 2017లో కోళ్లన్నిటికీ హెచ్5, హెచ్7 టీకా వేశాక, అంతకుముందు సీజన్లో ఏడు వందలకు పైగా మనుషులకు సోకిన హెచ్7ఎన్9 దాదాపు మాయమైంది. అది గుడ్లలో చేసిన టీకాయే, ఒప్పుకుంటాను.

నా ఉద్దేశంలో లేయర్లకు, పిల్లల కోసం పెంచే బ్రీడర్లకు టీకా అనుమతించి, ప్రతి మందలో టీకా వేయని కొన్ని కోళ్లను, వైరస్ వస్తే ముందు వాటిలోనే బయటపడేలా, కాపలా పెట్టి, నెలనెలా పరీక్షలు చేయాలి. అది జరగనంతకాలం కొనేవాడు లేని సరుకు ఏ కంపెనీ చేస్తుంది? గుడ్డైనా, చేపైనా, కుక్కైనా అంతే. టెండరు పడని చోట కణం ఎంత గొప్పదైనా ఫ్రీజర్లోనే ఉంటుంది.

ఈ మధ్య ఊరెళ్లినప్పుడు మావయ్యకు ఇదంతా షెడ్డు పక్కన మంచం మీద కూర్చుని చెప్పాను. ఫారం పక్కనే ఆయన తోడల్లుడి చేపల చెరువు. మావయ్య షెడ్డు కింది పెంట ఏటా ఆ చెరువుకే పోతుంది, ఆ నీళ్ల మీద వాలే కొంగలు ఈ షెడ్డు రేకుల మీదా వాలతాయి. ఆ పెంట మాట వేరే గొడవ, ఇంకోసారి రాస్తాను. ఆయన అంతా విని, పురుగు దగ్గర నవ్వి, చేప గుండె ముక్క దగ్గర మొహం చిట్లించాడు.

"బాగానే ఉందిరా. కోడికి ఎంత పడుద్ది?"

"ఇంకా ఎవరూ లెక్క కట్టలేదు మావయ్యా."

"కట్టాక చెప్పు," అంటూ మేత బస్తాలు దించడానికి వచ్చిన ఆటో వైపు లేచి వెళ్లాడు.